ఎవరిని సంపన్నం చేయడానికి? ఆటోనగర్ పక్కన చరిత్ర, అర్థశాస్త్రం చదువులు

పాఠం అయిపోయాక పిల్లలకు ఇంకా కొంత ఇవ్వాలి అనే ఆలోచన మంచిదే. మ్యూజియానికి తీసుకెళ్లడం, ఫ్యాక్టరీ చూపించడం, క్విజ్ పెట్టడం, డిబేట్ పెట్టడం, ఒక ప్రాజెక్టు రాయించడం, వీటన్నిటికీ కలిపి ఇంగ్లండు స్కూళ్లలో ఒక పేరుంది. ఎన్‌రిచ్‌మెంట్ అంటారు. అంటే సంపన్నం చేయడం. పదిహేడేళ్ల పిల్లల చదువుని సంపన్నం చేస్తారట. లండన్‌లో చరిత్ర చదివే పిల్లాణ్ణి పాత దస్తావేజులు దాచిన చోటుకి తీసుకెళ్తారు. అర్థశాస్త్రం చదివే పిల్లని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మ్యూజియానికి తీసుకెళ్తారు. బాగానే ఉంది. మనం అడగాల్సిన ప్రశ్న వేరే. ఈ సంపద ఎవరి దగ్గర్నుంచి వస్తోంది, ఎవరి దగ్గరికి పోతోంది? ఎవర్ని ఖాళీ కుండ అనుకుని నింపుతున్నారు?

మన దగ్గర ఆ వయసు చదువు ఇంటర్మీడియెట్. 1969లో రెండేళ్ల ఇంటర్ వచ్చింది, 1971లో దానికో బోర్డు వచ్చింది. ఊళ్లో వీధులకి కులం ఉన్నట్టే ఇంటర్లో గ్రూపులకీ కులం ఉంది. ఎం.పి.సి., బై.పి.సి. ఫీజు కట్టగలిగినవాళ్ల గ్రూపులు. హాస్టళ్లు, ర్యాంకులు, హోర్డింగులు అన్నీ వాటి చుట్టూనే. సి.ఇ.సి., హెచ్.ఇ.సి. మిగిలినవాళ్లవి. చరిత్ర అనే మాటే వినపడని ప్రైవేటు కాలేజీలు కోకొల్లలు. ఆ సబ్జెక్టు ఊపిరి పీలుస్తున్నది ఎక్కువగా ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో, గురుకులాల్లో. అక్కడ బెంచీల మీద కూర్చున్నదెవరో మనకు తెలుసు. మాల, మాదిగ, రెల్లి పిల్లలు, చేతివృత్తుల బి.సి. పిల్లలు, ఏజెన్సీనుంచి దిగొచ్చిన పిల్లలు, ముస్లిం పిల్లలు. చాలామందికి పొద్దున కాలేజీ, సాయంత్రం పని. వీళ్లని 'సంపన్నం' చేసే కార్యక్రమం దాదాపు లేదు. ఉన్నచోట అది పిక్నిక్.

విశాఖలో ఆ పిక్నిక్ ఎలా ఉంటుందో చూద్దాం. ఒక బస్సు మాట్లాడతారు. కైలాసగిరి, బీచ్, 2002లో ఒడ్డున నిలబెట్టిన కురుసుర జలాంతర్గామి, 2017లో అక్కడే పెట్టిన నేవీ విమానం, ఆ తర్వాత సింహాచలం. చరిత్ర పిల్లలైతే తొట్లకొండ కూడా. తొట్లకొండ మీద ఏం చెబుతారు? పైనుంచి సముద్రం చాలా బాగా కనపడుతుందని చెబుతారు! 1988 నుంచి 1993 దాకా అక్కడ తవ్వకాలు జరిగాయి. శాతవాహనుల నాణేలతోపాటు రోమన్ వెండి నాణేలు దొరికాయి. అంటే భిక్షువులు ఉన్న కొండ కింద సముద్ర వర్తకం నడిచింది. వర్తకుల దానాలతో విహారాలు నిలబడ్డాయి. చరిత్ర, అర్థశాస్త్రం రెండూ ఒకే రాతిమీద దొరికే చోటు అది. ఇంత పెద్ద కేంద్రాలు ఎందుకు అడవి పట్టిపోయాయి, బౌద్ధం ఓడిపోయాక ఈ తీరంలో కింది కులాల గతి ఏమైంది, 1956 అక్టోబరు 14న నాగపూర్‌లో అంబేద్కర్ ఎందుకు దాన్నే వెతుక్కుని వెళ్లాడు, ఈ మూడు ప్రశ్నలూ ఒకేచోట అడగొచ్చు. అనకాపల్లి దగ్గర బొజ్జన్నకొండలో కనుమ పండగనాడు జనం రాళ్లు విసిరే ఆచారం చాలాకాలం సాగింది. బౌద్ధక్షేత్రంలో ఒక ఆకారాన్ని రాక్షసుడనుకుని రాళ్లు వేశారు. గెలిచినవాడు చెప్పిన కథని ఓడినవాడి పిల్లలు ఎలా మోస్తారో చెప్పడానికి ఇంతకంటే మంచి పాఠం ఏ పుస్తకంలో దొరుకుతుంది? ఆ పాఠం చెప్పకుండా గ్రూపు ఫోటో దిగి వచ్చేస్తారు.

డిబేట్ల సంగతి ఇంకా ఘోరం. ఇంటర్ ఎకనామిక్స్ పిల్లలకి ఎక్కువగా ఇచ్చే అంశం ఏంటో ఎవర్నడిగినా చెబుతారు. రిజర్వేషన్లు కులంమీద ఉండాలా, ఆర్థిక స్థితిమీద ఉండాలా? ఒక దళిత పిల్లాడు తను ఆ బెంచీ మీద ఎందుకు కూర్చున్నాడో మూడు నిమిషాల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలి. అవతలి పక్షం వాడికి అది మాటల ఆట. వీడికి బతుకు. చివర్లో జడ్జి గారు 'ఇద్దరూ బాగా మాట్లాడారు' అని పెన్నులు ఇస్తారు. భూమి ఎవరి చేతిలో ఉండాలి, ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్ ఎందుకు లేదు, గుళ్ల మాన్యాలు ఎవరు అనుభవిస్తున్నారు అన్న అంశాలు డిబేటు పెట్టెలోంచి ఎందుకు బయటికి రావు? అంశం ఎవరు పెడతారో వాళ్లే సగం గెలిచినట్టు.

మన సంఘాలూ తక్కువ తినలేదు. ఏప్రిల్ 14 వస్తే వక్తృత్వ పోటీ, క్విజ్ పోటీ. బాబాసాహెబ్ ఎక్కడ పుట్టాడు? మౌ. ఎన్ని డిగ్రీలు? ఏ సంవత్సరం? పిల్లలు గడగడా చెప్పేస్తారు. 1923లో లండన్‌లో డి.ఎస్‌సి. కోసం రాసిన రూపాయి సమస్య మీది పుస్తకంలో ఆయన ఏం వాదించాడో ఒక్క ప్రశ్న ఉండదు. సి.ఇ.సి. చదివే దళిత విద్యార్థికి అంబేద్కర్ అర్థశాస్త్రవేత్త అన్న సంగతే తెలియకుండా రెండేళ్లు గడిచిపోతాయి. రాజ్యాంగం పుస్తకం చేతిలో పెట్టి చూపుడువేలు చూపించే విగ్రహం ఒక్కటే మిగిలింది. విగ్రహానికి దండ వేయడం క్విజ్ కంటే సులువు, క్విజ్ పెట్టడం చదవడంకంటే సులువు.

ఇప్పుడు గాజువాకలోకి వద్దాం. బి.హెచ్.పి.వి., షీలానగర్, మింది, గంగవరం, ఉక్కునగరం, వీటి నడుమ ఆటోనగర్. ఈ చుట్టుపక్కల కాలేజీల పిల్లలు రోజూ దాన్ని దాటుకుంటూ పోతారు. కొంతమంది సాయంత్రం అందులోనే పని చేస్తారు. లారీ బాడీ కట్టే షెడ్లు, లేత్ మిషన్లు, వెల్డింగు, కమాన్లు సరిచేసే కొలుములు, టింకరింగు, పెయింటింగు, బ్యాటరీలు, పాత టైర్లు, స్పేర్ పార్టుల కొట్లు, తుక్కు యార్డులు, స్టీలు ప్లాంటుకి చిన్నాచితకా ఫ్యాబ్రికేషన్ చేసిపెట్టే యూనిట్లు. మన అర్థశాస్త్రం పుస్తకంలో 'సూక్ష్మ, చిన్నతరహా పరిశ్రమలు' అని ఒక పాఠం ఉంటుంది. పెట్టుబడి ఇంత, టర్నోవరు ఇంత అని నిర్వచనాలు. 2020లో సూక్ష్మ పరిశ్రమ పరిమితి కోటి రూపాయల పెట్టుబడి. 2025 ఏప్రిల్ 1 నుంచి అది రెండున్నర కోట్లు. పిల్లలు ఈ అంకెలు బట్టీ పడతారు, మార్కులూ వస్తాయి. రోడ్డు దాటితే కనపడే షెడ్డులో ఒక పాత లేతు, ఒక వెల్డింగు సెట్టు, ఇద్దరు మనుషులు. రెండున్నర కోట్ల యజమాని, ఈ షెడ్డువాడు ఒకే వర్గంలోకి ఎలా వచ్చారు, అప్పు దొరికేటప్పుడు ఎవడికి ముందు దొరుకుతుంది అని ఎవరూ అడగరు.

ఒక్క లారీ బాడీ చాలు, ఏడాదంతా చెప్పుకోవచ్చు. ఛాసిస్ వస్తుంది. చెక్క ఎవరిది, ఇనుము ఎవరిది, మేస్త్రీకి ఇచ్చిన మొత్తం ఎంత, అందులోంచి వెల్డరుకి ఎంత, హెల్పరుకి ఎంత? కూలి రోజుకా, పీసుకా? బేరం లేనివారం ఏం తింటారు? అడ్వాన్సు తీసుకున్న మనిషి షెడ్డు మారగలడా? మారలేకపోతే దానికి పుస్తకంలో ఉన్న 'కార్మిక గమనశీలత' అనే మాట ఎలా సరిపోతుంది? షెడ్డులో చీటీ కడతారు. ఇరవై మంది, నెలకి 5,000, మొత్తం లక్ష. అవసరం ఉన్నవాడు మొదటి నెలే 28,000 వదులుకుని 72,000కి పాడుకున్నాడనుకోండి. ఆ 28,000 ఇరవై మందికీ తలా 1,400 పంచుకుంటారు. మిగతా పందొమ్మిది నెలలూ వాడు కట్టేదెంత, వాడికి పడిన వడ్డీ ఎంత? ఈ లెక్క వేసిన పిల్లకి వడ్డీరేటంటే ఏమిటో మళ్లీ చెప్పక్కర్లేదు. పెద్దింటి స్కూళ్లలో పిల్లల చేతికి ఉత్తుత్తి డబ్బిచ్చి షేర్ మార్కెట్ ఆట ఆడిస్తారు. మన పిల్లల ఇళ్లలో రోజువారీ ఫైనాన్సువాడు సాయంత్రమయ్యేసరికి నిజం డబ్బుకోసం గుమ్మంలో నిలబడతాడు. రెండూ ఫైనాన్సే. ఒకటి చదువైంది, రెండోది సిగ్గుపడాల్సిన విషయమైంది.

ఇక్కడ ఒక మాట గురించి ఆగాలి. టింకరింగ్. మన ఆటోనగర్లలో గుద్దుకుని సొట్టపోయిన బండి రేకుని సుత్తితో తట్టి తట్టి మామూలు చేయడాన్ని టింకరింగ్ అంటారు. ఆ పనివాణ్ణి ఎవరూ శాస్త్రవేత్త అనరు. పెళ్లి సంబంధాల్లో కూడా ఆ పని పేరు చెప్పడానికి వెనకాడతారు. 2016లో నీతి ఆయోగ్ అటల్ ఇన్నొవేషన్ మిషన్ పెట్టి స్కూళ్లలో 'అటల్ టింకరింగ్ ల్యాబు'లు మొదలెట్టింది. ఒక్కో ల్యాబుకి 20 లక్షల రూపాయల దాకా గ్రాంటు. త్రీడీ ప్రింటర్లు, సెన్సర్లు. అదే మాట స్కూలు గేటు లోపలికి వస్తే సృజన, గేటు బయట ఉంటే మురికి. బ్రాహ్మణీయ భావజాలం ఎలా పని చేస్తుందో చెప్పడానికి మనుస్మృతి దాకా పోనక్కర్లేదు, ఈ ఒక్క మాట చాలు. చేతిని తలనుంచి వేరు చేసి, చేతిని అంటరానిదాన్ని చేసి, అవసరమైనప్పుడు చేతి పేరుని మాత్రం తల ఎత్తుకుపోతుంది. కంచ ఐలయ్య 2007లో పిల్లలకోసం శ్రమ గౌరవంమీద ఒక పుస్తకం రాశారు, దుర్గాబాయి వ్యామ్ బొమ్మలేశారు. తోలు ఊనడం, కుండ చేయడం, బట్టలు ఉతకడం వెనక ఉన్న శాస్త్రాన్ని చెప్పిన పుస్తకమది. ఆ పుస్తకం గుమ్మంలోకి రాని స్కూళ్లలోకి టింకరింగ్ ల్యాబు మాత్రం వచ్చేసింది.

వెంటనే ఒక అనుమానం వస్తుంది, రావాలి కూడా. పిల్లల్ని ఆటోనగర్ చూపించడమంటే మళ్లీ సుత్తి చేతికివ్వడం కాదా? ఈ అనుమానానికి చరిత్ర ఉంది. 1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ ఒక పథకం తెచ్చాడు. పూటబడి, మిగతా పూట ఇంటి వృత్తి నేర్చుకోవడం. అది ప్రకటించేనాటికి విశాఖ ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. పెరియార్ దాన్ని కులవిద్య అని పిలిచి వీధుల్లోకి ఈడ్చాడు. 1954లో రాజాజీ దిగిపోయాడు, కామరాజ్ వచ్చి పథకాన్ని తీసేశాడు. పేరు పోయింది, ఆలోచన పోలేదు. 2016లో బాలకార్మిక చట్టాన్ని సవరించి, పద్నాలుగేళ్లలోపు పిల్లలు పనికి పోకూడదంటూనే, బడి అయ్యాక కుటుంబం చేసే పనిలో సాయం చేయొచ్చని తలుపు తీసి పెట్టారు. కుటుంబం చేసే పని అంటే ఈ దేశంలో కులం చేసే పని. 2020 జాతీయ విద్యా విధానంలో ఆరునుంచి ఎనిమిది తరగతుల పిల్లలకి బ్యాగులేని పది రోజులు పెట్టారు, వడ్రంగి దగ్గర, తోటమాలి దగ్గర, కుమ్మరి దగ్గర పని చూడాలట. అగ్రవర్ణ పిల్లాడికి కుమ్మరి సారె పది రోజుల వినోదం. కుమ్మరి పిల్లాడికి అది ఇంటికెళ్తే ఉండేదే. వాడికి ఆ పది రోజుల్లో ఏం చూపిస్తారు? కలెక్టరాఫీసు చూపిస్తారా? పోర్టు లెక్కల పుస్తకాలు చూపిస్తారా?

అందుకే మనం గీత గట్టిగా గీయాలి. పనికి పంపడం వేరు, పనిని చదవడం వేరు. ఆటోనగర్‌కి మన పిల్ల స్పానరు పట్టుకోవడానికి పోదు, నోటుబుక్కు పట్టుకుని పోతుంది. అక్కడ ఆమె అడగాల్సింది 'ఇది ఎలా చేస్తారు' ఒక్కటే కాదు. షెడ్డు ఎవరి పేరుమీద ఉంది? ప్లాటు ఎవరికి దక్కింది? కొలిమి దగ్గర ఏ కులం, లేత్ దగ్గర ఏ కులం, స్పేర్ పార్టుల కౌంటరులో కూర్చున్నది ఏ కులం, తుక్కు ఏరేది ఏ కులం? కులం శ్రమ విభజన కాదు, శ్రామికుల్ని మెట్లుమెట్లుగా విడగొట్టడమని అంబేద్కర్ 1936లో చెప్పిన సంగతిని ఒక మధ్యాహ్నంలో కళ్లారా సరిచూసుకోవచ్చు. కొన్నిచోట్ల ఆ మెట్లు కదిలి ఉండొచ్చు. కదిలితే ఎందుకు కదిలాయో రాయాలి. బండి సీట్లు కుట్టే పని పెద్ద వ్యాపారమైంది. తరతరాలుగా తోలు పని తెలిసిన మాదిగ చేతులు ఆ రెగ్జిన్ సీట్ల కొట్లలో యజమానులుగా ఎన్ని ఉన్నాయి? లేకపోతే అడ్డం పడింది నైపుణ్యమా, పెట్టుబడా, కొట్టు అద్దెకివ్వని మనిషా? ఈ ప్రశ్నకి జవాబు ఏ గైడులోనూ ఉండదు. అందుకే అది మంచి ప్రశ్న.

చట్టం కాగితంమీద ఇచ్చినదాన్నీ చదవాలి. ప్రభుత్వరంగ సంస్థలు తాము కొనే సరుకులో కొంత వాటా చిన్న పరిశ్రమల దగ్గరే కొనాలని 2012లో ఆదేశం వచ్చింది. అందులో నాలుగు శాతం ఎస్.సి., ఎస్.టి. పారిశ్రామికుల దగ్గర కొనాలి. స్టీలు ప్లాంటు, పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ, అన్నీ గాజువాక పిల్లల కళ్లముందున్నవే. నాలుగు శాతం ఎక్కడిదాకా వచ్చింది? 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల పోస్టల్ ఆర్డరు పెట్టి అడగొచ్చు. జవాబు వచ్చేదాకా నెల రోజులు ఆగడం, జవాబు సగమే వస్తే అప్పీలు రాయడం, వచ్చిన అంకెల్ని శాతాల్లోకి మార్చడం, ఇదంతా అర్థశాస్త్రమే, పౌరశాస్త్రమే. అందరూ మెచ్చుకునే 'ప్రాజెక్టు వర్కు' అంటే నెట్‌నుంచి దించి స్పైరల్ బైండింగు చేయించడమే అయిపోయిన చోట ఇది కొంచెం కష్టమే అనిపిస్తుంది. అనిపించనీ.

స్టీలు ప్లాంటు యాత్రనే తీసుకోండి. కాలేజీవాళ్లు అనుమతి తెచ్చుకుని పిల్లల్ని తీసుకెళ్తారు, ఎర్రగా కరిగిన ఇనుము పారుతుంటే పిల్లలు నోళ్లు తెరుచుకుని చూస్తారు. చూడదగ్గదే. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' ఉద్యమంలో 32 మంది ప్రాణాలు పోయాయని చెబుతారు. 1970 ఏప్రిల్ 17న ఇందిరాగాంధీ పార్లమెంటులో ప్రకటించిందని, 1971 జనవరి 20న శంకుస్థాపన చేసిందని, 1992లో పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేశాడని చెబుతారు. ఇరవైవేల ఎకరాలకు పైగా భూమి ఏ ఊళ్లనుంచి వచ్చిందో చెప్పరు. నిర్వాసితులకిచ్చిన 'ఆర్ కార్డు' అంటే ఏమిటో గాజువాకలో టీకొట్టువాడికి తెలుసు, పాఠ్యపుస్తకానికి తెలీదు. 1894 నాటి భూసేకరణ చట్టంలో నష్టపరిహారం ప్రధానంగా పట్టా చుట్టూ తిరిగింది. ఆ పొలాల్లో తరాలపాటు ఊడ్చి కోసిన మాల మాదిగలకి పట్టా ఎక్కడిది? 'ఆంధ్రుల హక్కు' అన్నప్పుడు ఆ ఆంధ్రుల్లో వాళ్లున్నారా అని హెచ్.ఇ.సి. పిల్ల అడగాలి. ముసలివాళ్లు ఇంకా కొందరు బతికున్నారు. నిర్వాసితుల కాలనీల్లో కూర్చుని వాళ్ల మాటలు రాసుకుంటే అదే మౌఖిక చరిత్ర. ఇంకో పదేళ్లకి ఆ నోళ్లు ఉండవు.

అలాగని ప్లాంటుని తిట్టి ఊరుకుంటే సగం నిజమే అవుతుంది. దళిత కుటుంబాలకి పింఛనున్న ఉద్యోగం, క్వార్టరు, పిల్లల ఇంగ్లీషు చదువు వచ్చింది ఇలాంటి గేట్లలోంచే. గేటు లోపల రిజర్వేషన్ ఉంది గనక వచ్చింది. 1947లో అంబేద్కర్ రాజ్యాంగసభకి ఇచ్చిన 'రాజ్యాలు, మైనారిటీలు' పత్రంలో కీలక పరిశ్రమలు ప్రభుత్వం చేతిలో ఉండాలని ఊరికే అడగలేదు. 2021 జనవరి 27న కేంద్ర కేబినెట్ కమిటీ ప్లాంటులో నూటికి నూరు శాతం పెట్టుబడుల ఉపసంహరణకి ఒప్పుకుంది. కార్మికులు ఏళ్ల తరబడి శిబిరాల్లో కూర్చున్నారు. 2025 జనవరిలో 11,440 కోట్ల పునరుద్ధరణ ప్యాకేజీ ప్రకటించారు. సి.ఇ.సి. పరీక్షలో 'ప్రైవేటీకరణ లాభనష్టాలు' అని పది మార్కుల ప్రశ్న వస్తుంది. లాభాలు ఐదు, నష్టాలు ఐదు. ప్రైవేటు గేటుకి రిజర్వేషన్ వర్తించదు అన్న ఒక్క వాక్యం ఆ పదిలో ఉంటుందేమో వెతికి చూడండి. సొంత ఇనుప ఖనిజం గనులు లేని ప్లాంటు ఇది. బైలదిల్లా కొండలనుంచి కొత్తవలస కిరండూల్ లైను మీద వచ్చే ఖనిజం ఆదివాసుల నేలనుంచి వస్తుంది. ఆ కొండనుంచి ఆటోనగర్లో లారీ బాడీకి కొట్టిన చివరి మేకు దాకా ఒక గీత గీయమనండి పిల్లల్ని. అంతకుమించిన మ్యాపు పాయింటింగు లేదు.

పదహారు, పదిహేడేళ్ల పిల్లలకి ఇంత బరువా అని కొందరు లెక్చరర్లు అంటారు. 1855లో పూనాలో ఫూలే దంపతుల బడిలో చదివిన పద్నాలుగేళ్ల మాంగ్ పిల్ల ముక్తాబాయి తన కులంవాళ్ల, మహర్ల కష్టాలమీద వ్యాసం రాసింది. 'జ్ఞానోదయ' పత్రిక అచ్చేసింది. పేష్వాల కాలంలో తమవాళ్లని ఏం చేశారో, ఏ మతం తమదని చెప్పుకోవాలో ఆ పిల్ల నిలదీసింది. అది కూడా బడి పిల్ల రాసిన వ్యాసమే. ఆమెని ఎవరూ సంపన్నం చేయలేదు, ఆమె తన దగ్గరున్నది బయటపెట్టడానికి ఒక బడి చోటిచ్చింది. అంతే తేడా. 1882లో ఫూలే హంటర్ కమిషన్‌కి చెప్పిందీ గుర్తు చేసుకోవాలి. రైతుల చెమటనుంచి వచ్చిన శిస్తుతో పైకులాలకి పెద్ద చదువులు చెప్పిస్తున్నారని లెక్క తేల్చాడు. విద్యమీద ఖర్చు ఎవరిది, లాభం ఎవరిది అన్నది ఈ దేశంలో బహుజనుడు రాసిన మొదటి అర్థశాస్త్ర పాఠాల్లో ఒకటి.

సాంఘిక సంక్షేమ గురుకులాలు ఒక దారి చూపించాయి. 2014 మే 25న మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. ఆ విజయాన్ని తక్కువ చేసేవాళ్లు ఈ పత్రిక చదవనక్కర్లేదు. మన పిల్లలు చేయలేనిది లేదని అది లోకానికి చూపింది. కానీ కొండ ఎక్కినవాళ్లు ఇద్దరు. కింద ఉన్న వేలమందికి తామున్న నేలని చదివే పని కావాలి, దానికి ఆక్సిజన్ సిలిండరు అక్కర్లేదు. కొన్ని నోటుబుక్కులు, ఆటో చార్జీలు, వారంలో ఒక పూట చాలు. ఆ ఒక పూటే దొరకదు. చాలా కాలేజీల్లో చరిత్ర చెప్పేది కాంట్రాక్టు లెక్చరరో, గెస్టు లెక్చరరో. రేపు ఉంటాడో లేదో తెలియని మనిషిని పిల్లల్ని బయటికి తీసుకెళ్లి బాధ్యత నెత్తిన వేసుకోమనడం తేలిక కాదు. విద్యార్థి సంఘాలు ఈ సంగతి పట్టించుకోవాలి, ఉపాధ్యాయ సంఘాలు అసలే పట్టించుకోవు.

ఆడపిల్లల మాట వేరే చెప్పాలి. 'ఆటోనగర్‌కి ఆడపిల్లలా? ఏటండీ మాస్టారూ' అంటారు ఇళ్లలో. ఆ భయం ఊరికే పుట్టలేదు, దాన్ని వెక్కిరించకూడదు. కానీ ఆటోనగర్లో ఆడవాళ్లు లేరన్నది అబద్ధం. తెల్లారకముందే షెడ్ల ముందు ఇనపముక్కలు, రాగితీగలు ఏరి గోతాల్లో నింపుకునేవాళ్లున్నారు. చిమ్మేవాళ్లున్నారు, టీ కాచేవాళ్లున్నారు, క్యారేజీలు తెచ్చేవాళ్లున్నారు. తుక్కు తూచేటప్పుడు కాటా ఎటు వంగుతుందో వాళ్లకి తెలిసినంత ఎవరికీ తెలీదు. కిలోకి ఇచ్చే ధర, కొట్టువాడు అమ్ముకునే ధర, మధ్యలో తరుగు పేరుతో కోసేది, ఈ మూడూ ఒక నెల రోజులు వాళ్లని అడిగి రాసుకునే పని హెచ్.ఇ.సి., సి.ఇ.సి. ఆడపిల్లలకే ఇవ్వాలి. ఆ గోతాం మోసేవాళ్లలో కొందరు ఆ పిల్లలకి అమ్మలో, పిన్నులో అయి ఉంటారు. వాళ్ల దగ్గర కూర్చుని రాసుకున్న కాగితానికి రికార్డు మార్కులు వేయమని అడిగితే బోర్డు ఏమంటుందో చూడాలి.